తూము కాడే తీర్పు

మా రోజుల్లో నీళ్ల తగువు తూము కాడే తేలిపోయేది. ఎవరి మడికి ముందు, ఎవరి మడికి వెనక, ఏ పొద్దుకు ఎంత పారకం అనేది నీరుగంటి చెప్పేవాడు. ఆయన మాట సరిపడకపోతే పెద్దమనుషులు కట్ట మీదికి వచ్చేవాళ్లు. నలుగురి ముందర, అందరికీ తెలిసే మాటల్లో, ఆ నీళ్లు కళ్లెదుట పారుతుండగానే తీర్పు అయ్యేది. అన్ని తీర్పులూ ధర్మంగా ఉండినాయని చెప్పను. మాలమాదిగల మడికి నీళ్లు చివరన అందేవి, ఆడవాళ్ల మాట కట్ట ఎక్కేదే కాదు. అది అన్యాయమే. కానీ నష్టపోయినవాడు తీర్పు చెప్పేవాణ్ణి వెతుక్కుంటూ ఊరు దాటాల్సిన పని ఉండేది కాదు.

ఇప్పుడు చట్టాలకు కొదవ లేదు. 1974లో నీటి కాలుష్య నివారణ చట్టం వచ్చింది, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, 2002లో మన రాష్ట్రమే చేసుకున్న నీరు, భూమి, చెట్ల చట్టం వాల్టా, 2010లో హరిత ట్రిబ్యునల్ చట్టం. ఈ పేర్లు చదువుతుంటే ధైర్యం వస్తుంది. మా కడప జిల్లా బావుల్లోకి తొంగిచూస్తే ఆ ధైర్యం నిలవదు.

ముందు మా జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు సంగతి చెప్పాలి. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించినాడు. భైరవుడి గుడి ముందర 1369 నాటి శాసనం ఉంది. రోజూ వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని అని అందులో ఉంది. అంతకంటే గొప్ప సంగతి, మంచి చెరువుకు పన్నెండు అంగాలు, చెడ్డ చెరువుకు ఆరు దోషాలు అని లెక్కగట్టి చెక్కించినారు. కట్టలోంచి నీళ్లు ఊరడం ఒక దోషం. చౌడు నేల ఒక దోషం. రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం కూడా దోషమే, అక్కడ తగువు తీర్చే దిక్కుండదు కదా. రాసింది సంస్కృతంలో, నిజమే. కానీ ఆ నియమాలు కట్ట పోసిన పనివాళ్ల చేతుల్లో ఉండినాయి, అందుకే ఆ చెరువు ఈపొద్దుకూ నిలిచింది.

కట్ట ఊరితే దోషమని ఆరున్నర శతాబ్దాల కిందటే రాసుకున్న జిల్లా ఇది. ఇదే జిల్లాలో, వేముల మండలం తుమ్మలపల్లెలో ఏం జరిగిందో చూడండి. యురేనియం గనికి 2006లో ప్రజాభిప్రాయ సేకరణ, 2007లో శంకుస్థాపన, 2012లో ఉత్పత్తి. అక్కడి ముడిరాయిలో యురేనియం నూటికి ఒక పాలు కూడా ఉండదు. రాయిని పిండి చేసి సోడాతో ఉడికించి, కావలసింది తీసుకున్నాక మిగిలేదంతా బురదే. ఆ బురదను గొట్టాల్లో తెచ్చి కె.కె. కొట్టాల పక్కన టెయిలింగ్ పాండ్‌లో నింపుతున్నారు. కొన్నేళ్లకు కొట్టాల, మబ్బుచింతలపల్లె రైతులు బోరు నీళ్లు మారినాయని, అరటి తోటలు ఎండుతున్నాయని, ఒంటి మీద దద్దుర్లు లేస్తున్నాయని మొరపెట్టుకున్నారు. పాండ్ అడుగున బంకమట్టి, ప్లాస్టిక్ పొర పరచాలన్న షరతు పాటించలేదని కాలుష్య నియంత్రణ మండలి 2019లో నోటీసు ఇచ్చింది. తమ వల్ల ఏ హానీ లేదని గని నడిపే యురేనియం కార్పొరేషన్ అంటూ వచ్చింది. ఎవరి మాట నిజమో తేల్చడానికి ఎన్నో పరీక్షలు కావాలి, ఒప్పుకుంటాను. కానీ అడుగున పొర పరిచినారా లేదా అనేది బురద పోయకముందే చూడాల్సిన సంగతి. పోయడం మొదలైన ఏడేళ్లకు నోటీసా? మా నీరుగంటి తూము మూశాడో లేదో తెల్లారేసరికి ఊరికంతా తెలిసేది.

ఈ ప్రజాభిప్రాయ సేకరణ ఎట్లుంటుందో నేను చూసినాను. ఒక సున్నపురాయి గని కోసం పెట్టినారు, ఎవరిదన్నది ఇక్కడ అక్కర్లేదు. షామియానా, కుర్చీలు, చుట్టూ పోలీసులు. బల్ల మీద దిండంత ఇంగ్లీషు నివేదిక, దాని పక్కన నాలుగు పేజీల తెలుగు సారాంశం. ఒక పెద్దామె లేచి, "నా బాయిలో నీళ్లు పోతే ఎవరిస్తార్నాయనా?" అని అడిగింది. రాసుకున్నాం అన్నారు. ఆమె నిలబడే ఉంది. ఏం రాసుకున్నారో చదివి వినిపించమని మా వైపు కుర్రోడొకడు పట్టుబడితే అప్పుడు చదివినారు. లోపాలెన్ని ఉన్నా, ఆ పెద్దామె ప్రశ్న సర్కారు కాగితం మీదికి ఎక్కింది ఆ షామియానా కిందే.

ఆ షామియానా కూడా ఇక వద్దంటున్నారు. అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని కేంద్ర పర్యావరణ శాఖ 2025 సెప్టెంబరులో ఉత్తర్వు ఇచ్చింది. దేశానికి ఆ ఖనిజాలు కావాలంట. కావాల్సిందే, నేను కాదనను. కానీ బావి మాది కదా! 2024లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో యురేనియం కోసం 68 బోర్లు వేస్తారని తెలిసి చుట్టుపక్కల ఊళ్లు రోడ్డెక్కినాయి, సర్కారు వెనక్కి తగ్గింది. అడిగే చోటు మూసేస్తే జనం రోడ్డు మీదే అడుగుతారు.

హరిత ట్రిబ్యునల్ ఉంది కదా అంటారు. ఉంది, చెన్నైలో. వాదనలు ఇంగ్లీషులో. కీడు మొదలైన నాటి నుంచి ఆరు నెలల్లో ఫిర్యాదు చేయాలి, తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు. నష్టపరిహారానికైతే ఐదేళ్లు. బోరులోకి విషం ఏ నాడు ఊరిందో రైతుకెట్లా తెలుస్తుంది? చెట్టు ఎండినాకే కదా తెలిసేది!

చట్టం పని చేయదని నేననడం లేదు. 1900 తర్వాత ఎవరి కంటా పడని కలివికోడి 1986లో మా జిల్లాలోనే రాత్రిపూట ఊరి వేటగాడి చేతికి చిక్కింది. ఆ పిట్ట కోసం లంకమల అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి మళ్లింది. మంచి పని. చట్టాన్ని పట్టుకుని ఆ తావులోనే నిలబడినవాళ్లు ఉన్నారు కాబట్టి జరిగింది.

వాల్టాకు అట్లాంటి దిక్కు లేదు. బోరు వేయాలంటే అనుమతి కావాలి, రిగ్గు రిజిస్టరు కావాలి, ఊరి తాగునీటి బావికి 250 మీటర్ల లోపల వేయకూడదు. మా నాయన కపిలి తోలిన బావిలో ఎండాకాలం కూడా తొట్టి నిండేది. పక్కన బోర్లు పడినాక ఆ బావిలో ఇప్పుడు తంగేడు మొలిచింది. వాల్టా కింద అర్జీ పట్టుకుని ఒక ఆఫీసుకు పోతే ఆ ఆఫీసాయన ఇంకో ఆఫీసు పేరు చెప్పినాడు. ఆ రెండో ఆఫీసాయన మళ్లీ మొదటి ఆఫీసుకే పొమ్మన్నాడు. రిగ్గులు మాత్రం రాత్రిళ్లు తిరుగుతూనే ఉన్నాయి.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. ప్రతి గ్రామ సచివాలయం గోడ మీద ఆ ఊరి బావులు, బోర్ల నీటి పరీక్ష నెలనెలా తెలుగులో రాయాలి. గని పక్క ఊరైతే యురేనియం ఎంత, సోడియం ఎంత, నీళ్లు తీసిందెవరు, ఏ తారీఖున అనేది కూడా ఉండాలి. ట్రిబ్యునల్ ఆరు నెలల గడువును ఆ గోడ మీద అంకె పడిన తారీఖు నుంచి లెక్కబెట్టాలి.