బాబాయి పద్యం, బఫర్ సైజు

ల్యాప్‌టాప్ పాతబడితే ఇంట్లో దానికి పెద్దరికం వస్తుంది గాని మర్యాద దక్కదు. కొత్తదాని దరిదాపుల్లోకి రానివ్వని కాఫీ గ్లాసును తెచ్చి పాతదాని మీదే పెడతారు. మా ఇంట్లోది 2013 నాటిది. 4 జీబీ ర్యామ్, లోపల గిర్రున తిరిగే హార్డ్ డిస్కు, వెనక డిక్షనరీ ఆనిస్తే తప్ప నిలబడని తెర. దీంతో ఇంట్లోనే పద్యాలు రికార్డు చేస్తానంటే మావాడు, "నాన్నా, దాన్ని ప్రశాంతంగా పోనివ్వండి" అన్నాడు.

పద్యాలు మా బాబాయివి. ఆయనది తెనాలి. ఒకప్పుడు ఆయన హరిశ్చంద్ర వేషం కట్టాడంటే చుట్టుపక్కల ఊళ్ల నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవారట. 'అట' అని ఎందుకంటున్నానంటే, ఆ మాట చెప్పేది కూడా బాబాయే. గొంతు మాత్రం ఇప్పటికీ కంచు. కంటి ఆపరేషన్‌కని హైదరాబాదు మా ఇంటికొచ్చి, ఆపరేషన్ అయ్యాక ఊరికే కూర్చోలేక, "నా పద్యాలు పట్టరా అబ్బాయ్" అన్నాడు. ఫోన్‌లో పడతానంటే ఒప్పుకోలేదు. "ఫోన్‌లో పలకరింపులు పట్టు. పద్యం పట్టడానికి మైకుండాలి."

మైకూ, దాన్ని ల్యాప్‌టాప్‌కి కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టే కొన్నాను. ల్యాప్‌టాప్‌ను సంచీలో వేసుకుని సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లాను. షాపు కుర్రాడు మూత తెరిచి చూసి, "గిది ఎందుకు సార్, కొత్తది తీస్కోరాదూ" అన్నాడు. నాకు పట్టుదల పెరిగింది. పైగా లెక్క నా వైపే ఉంది. ఒక్క గొంతును మోనోలో, 24 బిట్లలో, సెకనుకు 44,100 శాంపిళ్ల చొప్పున తీస్తే నిమిషానికి 8 ఎంబీ కూడా కాదు. గంటసేపు ఆపకుండా పాడినా అర జీబీ నిండదు. స్టూడియోల్లో ఇప్పటికీ వాడే ఏసియో డ్రైవర్ పద్ధతిని జర్మనీకి చెందిన స్టైన్‌బర్గ్ 1997లో తెచ్చినప్పుడు ఇళ్లలోని కంప్యూటర్లకు ర్యామ్ మెగాబైట్లలో ఉండేది. వాటితోనే జనం పాటలు తీశారు. మాది వాటికి మునిమనవడి వరస. ఒక్క బాబాయిని మోయలేదా?

కుర్రాడి చేత హార్డ్ డిస్కు తీయించి ఎస్‌ఎస్‌డీ పెట్టించాను, ర్యామ్ 8 జీబీ చేయించాను. ఫ్యాను విప్పితే చిన్నపిల్లల దిండుకి సరిపడా దుమ్ము వచ్చింది. ప్రాసెసర్ మీద రాసే పేస్టు ఎండి పొడిపొడిగా రాలింది. రికార్డింగ్ చేసేవాళ్లకి ఈ దుమ్ము దులపడమే అన్నిటికన్నా లాభసాటి బేరమని నా నమ్మకం. వేడి తగ్గితే ఫ్యాను గోల తగ్గుతుంది, మైకు ముందు కావలసింది అదే.

పాత ల్యాప్‌టాప్ నెమ్మదైపోయిందంటాం గాని, దాని అసలు జబ్బు తీరిక లేకపోవడం. స్విచ్ వెయ్యడమే ఆలస్యం, పెళ్లివారింట్లో దిగిన చుట్టాల్లా ఎవరెవరో లేచి తలొక పెత్తనం మొదలుపెడతారు. ఒకడు ఫొటోలన్నీ మబ్బుల్లోకి ఎక్కిస్తాడు, ఒకడు వైరస్‌ల కోసం బీరువాలన్నీ సోదా చేస్తాడు, ఒకడు అప్‌డేట్ తెచ్చి గుమ్మంలో కూర్చుంటాడు. ఎప్పుడో పాతసామాన్లవాడికి వేసేసిన ప్రింటరు తాలూకు సాఫ్ట్‌వేర్ ఒకటి, రోజూ పొద్దున్నే లేచి ఆ ప్రింటరు కోసం ఇల్లంతా వెతుకుతోంది. దాన్ని చూస్తే జాలేసింది గాని తీసేశాను. స్టార్టప్ జాబితాలో ఉన్నవాళ్లందరినీ సాగనంపాక, పవర్ ప్లాన్‌ను హై పెర్ఫార్మెన్స్‌కి మార్చి, యూఎస్‌బీ పోర్టును మధ్యమధ్యలో నిద్రపుచ్చే సెట్టింగును ఆపేశాను. ఆపకపోతే పద్యం మధ్యలో ఇంటర్‌ఫేస్ కునుకు తీస్తుంది.

రికార్డింగ్‌కి రీపర్ ఎంచుకున్నాను. తేలికైన ప్రోగ్రాం, పాత యంత్రం మీద కూడా చలాకీగా నడుస్తుంది. పైగా దాన్ని చేసిన జస్టిన్ ఫ్రాంకెల్, ఒకప్పుడు మనందరం ఇంటర్నెట్ సెంటర్లలో పాటలు విన్న విన్‌ఆంప్‌ను చేసినవాడే. ఆ అభిమానం కూడా కొంత ఉంది.

తెనాలి నుంచి హార్మోనిస్టు వాట్సాప్‌లో పంపిన హార్మోనియం ట్రాకు పెట్టి, బాబాయి చెవులకు హెడ్‌ఫోన్ తగిలించాను. ఆయన పద్యం ఎత్తుకున్నాడు. రెండో పాదంలోనే హెడ్‌ఫోన్ లాగేసి, "వెనకాల ఎవడో నన్ను వెక్కిరిస్తున్నాడ్రా" అన్నాడు.

వెక్కిరించేది బఫర్. ల్యాప్‌టాప్ శబ్దాన్ని వచ్చింది వచ్చినట్టు పంపదు, కొంత పోగేసుకుని అప్పుడు పంపుతుంది. బఫర్ 1024 శాంపిళ్లయితే లోపలికి రావడానికి 23 మిల్లీసెకన్లు, బయటికి పోవడానికి ఇంకో 23. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఆ లెక్కన బాబాయి స్టేజీ మీద నిలబడి పాడుతూ, తన చెవుల్ని మాత్రం 16 మీటర్ల అవతల వెనక కుర్చీల్లో పెట్టి వింటున్నాడు. ఇదంతా ఆయనకు విడమరిచి చెబితే, "అయితే అక్కడిదాకా వినపడుతోందన్నమాట" అని సంతోషించాడు.

బఫర్ 128కి దించాను. ఆలస్యం ఒక్కో వైపు 3 మిల్లీసెకన్లకు పడిపోయింది గాని, అంత తొందర అందుకోలేక యంత్రం చిటపటలాడింది. "వానొస్తోందా?" అన్నాడు బాబాయి. లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రాం పెట్టి చూస్తే దొంగ దొరికాడు. వైఫై డ్రైవరు ఉండుండి ప్రాసెసర్‌ను తన గుప్పిట్లో పెట్టుకుని మిగతావాళ్లను గుమ్మంలో నిలబెడుతోంది. వైఫై కట్టేస్తే చాలావరకు సర్దుకుంది. చాలావరకే.

ఇంతకీ దీని అసలు మందు ల్యాప్‌టాప్‌లో లేదు, ఇంటర్‌ఫేస్ మూతి మీద ఉంది. డైరెక్ట్ మానిటర్ అని ఒక బటన్. అది నొక్కితే గాయకుడి గొంతు ల్యాప్‌టాప్ గడప తొక్కకుండా మైకు నుంచి నేరుగా హెడ్‌ఫోన్‌లోకి పోతుంది. అప్పుడు బఫర్‌ను మళ్లీ 1024కి పెంచేసి ముసలి యంత్రాన్ని తాపీగా రాసుకోనివ్వచ్చు. రికార్డయిన గొంతును హార్మోనియంతో సరిగ్గా కలిపే బాధ్యత రీపర్ చూసుకుంటుంది. ఈ ఒక్క బటన్ గురించి తెలిస్తే కొత్త ల్యాప్‌టాప్‌ల అమ్మకాలు కొంత పడిపోతాయి. అందుకేనేమో, దాని గురించి షాపులో ఎవరూ నోరెత్తరు.

చార్జరుది ఇంకో కథ. అది పెట్టగానే సన్నగా ఒక 'మ్మ్...' మొదలయ్యేది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే ఆ మూలుగు మైకు దారిలోకి వచ్చేస్తుంది. బాబాయి దాన్ని హార్మోనిస్టు శ్రుతి అనుకుని, కళ్లు మూసుకుని అందులోనే పద్యం ఎత్తుకోబోయాడు. చార్జరు పీకి బ్యాటరీ మీద నడిపాను. మూలుగు పోయింది. కాటిసీను పద్యంలో రాగం పైకి వెళ్లి, ఇక దిగుతుందనగా బ్యాటరీ కూడా పోయింది.

"చూశావా," అన్నాడు బాబాయి, "సరిగ్గా కాటికొచ్చాకే పోయింది. సీను తెలిసిందిరా దీనికి."

మర్నాడు మూడు పిన్నుల చార్జరు తెచ్చి, అన్నిటినీ ఎర్తున్న ఒకే బోర్డుకి పెడితే గొడవ వదిలింది.

తర్వాతంతా గృహకృత్యం. సీలింగ్ ఫ్యాను ఆపడం, కుక్కరు విజిళ్లయ్యేదాకా ఆగడం, 'పాత ఇనుము, పాత ప్లాస్టిక్' మైకు బండి వీధి దాటేదాకా కాచుకోవడం. బీరువా తలుపులు తెరిచి, వాటికి రెండు బొంతలు వేలాడదీసి, మధ్యలో బాబాయిని నిలబెట్టాను. ఈ కార్డియాయిడ్ మైకులకు వీపు వైపు వినపడదు కాబట్టి ల్యాప్‌టాప్‌ను సరిగ్గా ఆ వీపు వెనక స్టూలు మీద పెట్టాను. బాబాయి గొణిగే చోట గొణిగి, గర్జించే చోట ఇల్లు ఎగరగొట్టే మనిషి. గర్జన కూడా మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేట్టు గెయిన్ పెట్టి వదిలేశాను. 24 బిట్లలో తీస్తే గొణుగుడును తర్వాత పెంచుకోవచ్చు.

ఆఖరికి అన్నీ పూర్తయి వినిపిస్తే బాబాయి మొహం ముడుచుకుంది. "గొంతు నాదే. హాలేదిరా?"

హాలును బొంతలు మింగేశాయి. రివర్బ్ ప్లగిన్ పెట్టి హాలు తెప్పించాను. పద్యానికొక హాలు చొప్పున పెట్టేసరికి ప్రాసెసర్ మీటరు పైకి పాకింది. అయిన ట్రాకును అయినట్టు ఫ్రీజ్ చేస్తూ, అంటే రివర్బ్‌తో సహా కొత్త ఫైలుగా రాయించి ప్లగిన్‌కు సెలవిస్తూ నెట్టుకొచ్చాను. బాబాయి శాంతించాడు. తల ఊపాడు. అంతలోనే, "చప్పట్లేవీ?" అన్నాడు.

"రికార్డింగ్ కదా బాబాయ్, చప్పట్లెందుకు?"

"చప్పట్లు లేకపోతే జనం లేచిపోయారనుకుంటారు. పెట్టు."

మా ఆవిణ్ని, మావాణ్ని, పక్క ఫ్లాట్ దంపతుల్ని పిలిచి మైకు ముందు నిలబెట్టాను. బాబాయి చెయ్యెత్తాడు. అందరూ ఒక్కసారిగా కొట్టారు. మైనస్ 12 అంటూ అంతసేపూ కాపాడుకొచ్చిన మీటరు భగ్గున ఎరుపెక్కి పగిలిపోయింది.

"బాబాయ్, చప్పట్లు పగిలాయి. వన్స్‌మోర్ తీద్దాం" అన్నాను.

"వన్స్‌మోర్ నాకు అడగాలి గాని చప్పట్లకేమిట్రా?" అని బాబాయి కాటిసీను మళ్లీ మొదటినుంచీ ఎత్తుకున్నాడు.