అతకని బొంత కుట్టడం ఎలా?

బొంత కుట్టాలని మనసు పుట్టగానే ఇంట్లో ఉన్న పాత చీరలన్నీ వదిలించుకోండి. వీధిలో "పాత బట్టలకు స్టీలు సామాన్లూ" అని కేక వినపడుతుంది కదా, పరుగెత్తండి. బేరమాడకండి. మా అవ్వ ట్రంకుపెట్టెలో పద్నాలుగు నూలు చీరలుండేవి. ఆమె చెల్లెలి ఊరికి పోయిన రోజు చూసుకుని పద్నాలుగూ ఇచ్చేసి ఒక స్టీలు బేసిన్ తీసుకున్నాను. బేసిన్ మంచిదే. రేకు కాస్త పలచన.

ఇక ఫోను తీసి, ముందే కోసి కట్టగట్టి అమ్మే గుడ్డముక్కలకు ఆర్డరు పెట్టండి. అమెరికాలో వీటిని చార్మ్ ప్యాక్ అంటారు. ఐదంగుళాల చదరాలు, మామూలుగా కట్టకు 42. ముక్క ముక్కకూ పువ్వులు, చుక్కలు, అన్నీ వరసకలిసిన రంగులు. నేను నాలుగు కట్టలు తెప్పించాను. ధర ఇక్కడ రాయను, మా ఆవిడకే ఇంకా చెప్పలేదు.

అవ్వ ఊరినుంచి వచ్చి ఆ కట్టలు విప్పి చూసింది. "ఏమిరా నాయనా, పేలికెలు దుడ్డిచ్చి కొన్నావా?" అంది. తర్వాత చాలాసేపు ఆలోచించి, "కొత్త గుడ్డను ముక్కలు కోసి, ఆ ముక్కలు కలిపి మళ్ళా గుడ్డ చేస్తారా? మొదుట్లోనే కోయకుంటే సరిపోతుండె కదా!" అంది. పెద్దవాళ్ళు ఇలాంటి ప్రశ్నలే వేస్తారు. జవాబు చెప్పకుండా కొలతలు మొదలుపెట్టండి.

కొలత చాలా తేలిక. నా మంచానికి 50 అంగుళాల వెడల్పు, 75 అంగుళాల పొడవు బొంత కావాలి. ఐదుతో భాగిస్తే పదీ పదిహేనూ, అంటే 150 ముక్కలు. కుట్టులోకి ప్రతి పక్కా పావంగుళం పోతుందనీ, ఐదంగుళాల చదరం కుట్టేసరికి నాలుగున్నరే మిగులుతుందనీ, కాబట్టి పన్నెండు వరసలు పదిహేడేసి చొప్పున 204 ముక్కలు పెట్టుకోవాలనీ కొందరు చాదస్తులు చెబుతారు. వినకండి. నేను వినలేదు. నా బొంత 45 అంగుళాల వెడల్పు, అరవై ఏడున్నర అంగుళాల పొడవు వచ్చింది. నేను ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషిని. అర అంగుళమే తేడా, బొటనవేలు ఒక్కటే బయట ఉంటుంది. అవ్వకు టేపు లేదు. చీర నేలమీద పరిచి, రెండు జానలు అటు, ఒక బెత్తెడు ఇటు మడిచి, "ఇద్దరు పిల్లోళ్ళు పండుకునేంత" అని తేల్చేది. అలా కుట్టిన బొంతలో ముగ్గురం పట్టేవాళ్ళం. అది లెక్క అనిపించుకోదు.

ముక్కల్ని కుట్టేముందు తడపొద్దు. మా అనంతపురంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. పడమటి కనుమలు నైరుతిని ఆపేస్తాయి, ఈశాన్యం ఇంతదూరం వచ్చేసరికి అలిసిపోతుంది. అటువంటి చోట టాంకరు నీళ్ళు పెట్టి కొత్త గుడ్డ తడుపుతామా? నూలు మొదటి ఉతుకులో ముడుచుకుంటుంది, నిజమే. ఎరుపు రంగు కారుతుంది, అదీ నిజమే. తెల్ల గుడ్డ తడిపి ఎర్రముక్క మీద అదిమితే ఆ సంగతి ముందే తెలిసిపోతుంది. కానీ ముందే తెలిస్తే మజా ఏముంది? కుట్టడమంతా అయ్యాక ఒకేసారి ఉతకండి. తెల్ల చదరాలన్నీ లేత గులాబీ రంగు తిరుగుతాయి. కొన్ని ముక్కలు ముడుచుకుంటాయి, కొన్ని ముడుచుకోవు. బొంత మధ్యలో చిన్న చిన్న గుట్టలు లేస్తాయి, పెనుకొండ దారిలో కనిపించేలాంటివి. పాత చీరకు ఈ అందం రాదు. పదేళ్ళు బండకేసి బాదిన చీర ముడుచుకోవాల్సినంతా ముడుచుకుని, కారాల్సిన రంగంతా కార్చేసి, మెత్తబడి ఉంటుంది. అందులో మనల్ని ఆశ్చర్యపరిచే శక్తి మిగలదు.

రకరకాల బట్టలు కలపండి. ధర్మవరం పట్టుచీర జరీ అంచు ముక్క, దాని పక్కనే రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టేచోట మిగిలిన కత్తిరింపు, దాని పక్కన పాలిస్టరు చొక్కా. జరీ చెంపకు గీసుకుంటుంది, జీన్సు బరువుకు పట్టు చిరుగుతుంది, పాలిస్టరు చెమట పీల్చదు. మూడు జాతులూ ఒకచోట ఉండటం దేశానికి మంచిది. జీన్సుకు 16, 18 నంబర్ల సూది వేయాలంటారు. మీరు మామూలు 14 తోనే మిషను తొక్కండి. నాలుగు ముక్కల మూలలు కలిసేచోట మడతలన్నీ ఒకే పక్కకు పడుకోబెడితే పొరలు పేరుకుని దిమ్మ కడుతుంది. అక్కడ సూది టప్పున విరుగుతుంది. ఒక వరస మడతలు కుడికీ, తర్వాతి వరసవి ఎడమకూ ఇస్త్రీ చేస్తే దిమ్మ కట్టదట. మాకు కరెంటు ఉన్నప్పుడు నేనుండను, నేనున్నప్పుడు కరెంటుండదు.

లోపల దూది దట్టంగా కూరండి. మా సీమలో దూదేకులవాళ్ళు విల్లు మీటుతూ దూది ఏకి పరుపులు కుట్టేవాళ్ళు. ఆ తీగ మోత వీధి చివరిదాకా వినపడేది. పరుపు వేరు, బొంత వేరు అని వాళ్ళకు తెలుసు. నాకు తెలియదు. అవ్వ బొంతలో దూది ఉండేది కాదు. కింద ఒక గట్టి చీర, పైన ఇంకొకటి, మధ్యలో తాత పంచెలు, చిరిగిన దుప్పట్లు. వేలెడు సందు లేకుండా వరసలు వరసలుగా చేతికుట్టు. నేను ఒకటిన్నర కిలో దూది పోసి జానకొక కుట్టు వేశాను. మొదటి ఉతుకులోనే దూదంతా నాలుగు మూలలకు వలసపోయింది. ఇప్పుడు దాన్ని మధ్యలో పట్టుకుంటే పైట, మూలలో పట్టుకుంటే దిండు.

చేతికుట్టే వేయాలని పట్టుబట్టేవాళ్ళు గోనెసంచులు కుట్టే దబ్బనం వాడండి. బెజ్జం పెద్దది, దారం ఎక్కించడానికి కళ్ళజోడు అక్కర్లేదు. అది చేసిన కన్నాల్లోంచి చలిగాలి వస్తుంది, గాలి ఆరోగ్యానికి మంచిది. దారం బారెడు తీయండి. మూరెడు తీస్తే మాటిమాటికీ ముడి వేసుకోవాలి. బారెడు తీస్తే ముడులు వాటంతటవే పడతాయి. బొంత నేలమీద పరిచి నాలుగు మూలలా రాళ్ళు పెట్టడం, కదలకుండా ముందు టాకాలు వేసుకోవడం మానండి. అడుగు గుడ్డ ఎటు జరుగుతుందో చూడటమే ఈ పనిలో ఉత్కంఠ.

కొన్న ముక్కల్లో ఇంకో గొప్ప సుగుణం ఉంది. అవి నోరెత్తవు. అవ్వ బొంత మీద పడుకుంటే నిద్రపట్టేది కాదు. "ఇది మీ నాయన పదోతరగతి తప్పిన దినం తొడుక్కున్న అంగీ. ఇది మీ అత్త పెండ్లిలో మీ తాత అలిగి తీసుకోని పంచె." ఒక్కో ముక్కా ఒక్కో పంచాయితీ. మా ఊరి పక్క తండాలో లంబాడీ ఆడవాళ్ళ పేట్యా పావడాలైతే అద్దాలు, గవ్వలు, నాణేలు పెట్టి మరీ మాట్లాడతాయి. హద్దు దాటి బళ్ళారి వైపు పోతే మన బొంతనే కౌది అంటారు, అక్కడా అదే గొడవ. అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్ళు పొలంలో వేసుకుని చిరిగిన ప్యాంట్లు, చొక్కాలతో కుట్టుకున్న బొంతల్ని 2002లో న్యూయార్కులోని విట్నీ మ్యూజియంలో గోడకు వేలాడదీశారు. 2006లో వాటితో తపాలా బిళ్ళలు వేశారు. మా అవ్వ బొంత కంపచెట్టు మీద వేలాడింది. (బొంత ఆరేయడానికి కంపచెట్టు శ్రేష్ఠం. గాలికి ఎగిరిపోదు. తీసేటప్పుడు సగం అక్కడే ఉంటుంది.)

సంకీర్ణ ప్రభుత్వం వచ్చినప్పుడల్లా మన పత్రికలు "అతుకుల బొంత" అని వెక్కిరిస్తాయి. బొంత గురించి తెలియనివాళ్ళ మాట అది. అప్పట్లో మా జిల్లాలోనే ఉన్న హిందూపురం ఎమ్మెల్యే ఎన్టీఆర్ చైర్మన్‌గా ఉన్న నేషనల్ ఫ్రంట్ 1989 డిసెంబరులో ఢిల్లీ గద్దె ఎక్కి 1990 నవంబరులో దిగింది. అది గద్దె ఎక్కిన శీతాకాలంలో అవ్వ కుట్టిన బొంత ఇరవయ్యేళ్ళకు పైన నిలిచింది. శెనక్కాయ చేలో పందుల కాపలాకు నాయనతో పోయింది. వానలు లేని ఏడు బెంగుళూరు కూలికి పోయినప్పుడు గిన్నెలూ చెంబులూ అందులోనే మూటకట్టారు. మా చెల్లెలికి కొన్నాళ్ళు ఉయ్యాలైంది. మీరు కుట్టే బొంతను ఇలాంటి మోటుపనులకు పెట్టకండి. ఫోటో తీసి మడిచి బీరువాలో పెట్టండి. నాది మడవడం కుదరలేదు, మూలల్లో దూది అడ్డం.

చివరగా ఒక విన్నపం. స్టీలు సామాన్ల మనిషి ఎర్ర మోపెడ్ మీద వస్తాడు, వెనక పెద్ద మూట ఉంటుంది. అందులో పద్నాలుగు నూలు చీరలు, ఒకదానికి ఆవపువ్వు రంగు అంచు, ఎక్కడైనా మీ కంటపడితే ఆయన్ని ఒక్క నిమిషం ఆపండి. బేసిన్ తిరిగి ఇచ్చేస్తాను. పైన మిగిలిపోయిన పద్దెనిమిది చదరాలు కూడా ఇస్తాను, కొత్తవి, ఐదంగుళాలవి.