లెక్క తెలియని చేతికి మోటారా!

మా రోజుల్లో చిలకలూరిపేట వైపు వైండింగ్ షాపులో పనికి చేరిన కుర్రాడి చేతికి మేస్త్రీ రాగితీగ కంటే ముందు సుద్దముక్క ఇచ్చేవాడు. వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు, భాగిస్తే ఓములు. ఈ రెండోది 1827లో ఓమ్ అనే జర్మనీ బడిపంతులు పుస్తకంలో అచ్చు వేయించిన సూత్రం. మా మేస్త్రీ ఆ పుస్తకం మొహం చూసి ఉండడు. అయినా వంద వాట్ల బల్బు లెక్క గోడ మీద వేసి చూపించందే అన్నానికి పంపేవాడు కాదు. 100ని 230తో భాగిస్తే 0.43 ఆంపియర్లు. 230ని దాంతో భాగిస్తే 530 ఓములు, కాస్త అటూ ఇటూగా. అదే బల్బు చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే నలభై దరిదాపుల్లోనే ఉంటుంది. తీగ తెల్లగా కాలేకొద్దీ నిరోధం పెరుగుతుందని మాకు అలా తెలిసింది.

ఇప్పుడు ప్రతి కుర్రాడి జేబులో డిజిటల్ మీటరుంది, ఫోనుంది. భాగహారం మాత్రం లేదు. ఆమధ్య మార్టూరు దగ్గర ఒక రైతు మిరపచేలో 5 హార్స్‌పవర్ మోటారు మూడుసార్లు కాలింది. వచ్చిన కుర్రాడు టెర్మినళ్ల మీద మీటరు పెట్టి, "మూడు ఓములు చూపిస్తోంది బాబాయ్, కాయిల్ బానే ఉంది" అన్నాడు. "415ని మూడుతో భాగించు" అన్నాను. 138 ఆంపియర్లు వచ్చింది. "మరి తిరిగే మోటారు ఎనిమిదే తీసుకుంటుందేంరా?" అంటే తెల్లమొహం వేశాడు. తిరిగే మోటారు తనలోనే ఎదురు వోల్టేజీ పుట్టించి కరెంటును అడ్డుకుంటుంది. స్టార్టు చేసిన క్షణంలో ఆ అడ్డు లేదు గనకే ఐదారు రెట్లు గుంజుతుంది. రోటరు బిగుసుకుపోయి తిరగకపోయినా అంతే. బడిలో చెప్పిన సూత్రం హీటరుకు సరిపోయినట్టు మోటారుకు నేరుగా సరిపోదు. ఈ తేడా తెలియనివాడు వైండింగ్ ఎన్నిసార్లు చుట్టినా అది మళ్లీ కాలుతుంది.

ఆ మోటారు కాలింది లో వోల్టేజీకి. తడి పెట్టే రోజుల్లో త్రీ ఫేజ్ రాగానే లైను మీది మోటార్లన్నీ ఒక్కసారి లేస్తాయి, చివరి చేలో 415 కాస్తా 350కి పడుతుంది. వోల్టేజీ తగ్గితే హీటరు చల్లబడుతుంది. 230 మీద వెయ్యి వాట్లిచ్చేది 180 మీద 612 వాట్లే ఇస్తుంది. మోటారు అలా ఊరుకోదు. నీళ్ల బరువు తగ్గలేదు కాబట్టి ఆ పని పూర్తి చేయడానికి కరెంటు ఎక్కువ లాగుతుంది. ఎనిమిది ఆంపియర్లు తొమ్మిదిన్నర అవుతుంది. "ఒకటిన్నరేగా!" అంటారు. కాయిల్లో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే నలభై శాతం ఎక్కువ. వార్నిష్ మాడేది అందుకే.

దానికి తోడు ఆ రైతు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బోరు దాకా 300 మీటర్లు 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కేబుల్ లాగాడు, చవకని. ఒక్కో తీగకు 2.1 ఓములు. ఎనిమిది ఆంపియర్లు పారితే ఫేజుల మధ్య 29 వోల్టులు దారిలోనే పోతాయి, నాలుగొందల వాట్లు కేబుల్‌ని వేడి చేస్తాయి. ముందే పడిపోయిన వోల్టేజీకి ఇదొక దెబ్బ. కేబుల్ కొనేముందు ఈ లెక్క చెప్పేవాడు ఆ ఊళ్లో ఒక్కడూ లేకపోయాడు.

ఈ లెక్కలు పోవడానికి కారణముంది. వ్యవసాయ కరెంటుకు 1980ల మొదట్లో హార్స్‌పవర్ లెక్కన స్లాబు వచ్చింది, 2004లో ఉచితం వచ్చింది. ఉచితం తప్పని నేననను, పల్నాడు మెట్టలో బోర్ల మీద బతికేవాళ్లకు అది ప్రాణం పోసింది. కానీ బిల్లు పోవడంతో పాటు యూనిట్లు లెక్కపెట్టే అలవాటూ పోయింది. పాత మీటర్లో అల్యూమినియం చక్రం తిరుగుతుండేది. యూనిట్‌కు 1200 చుట్లని రాసుంటే, మూడు సెకన్లకో చుట్టు తిరిగితే వెయ్యి వాట్లని ఇంట్లో ఆడవాళ్లు కూడా చెప్పేవాళ్లు. ఇప్పటి మీటరు మీద ఎర్రలైటు మినుకుతూనే ఉంటుంది, యూనిట్‌కు ఎన్నిసార్లో పక్కనే రాసీ ఉంటుంది. ఎవరు చూస్తున్నారు?

నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఎర్తింగు. మన నల్లరేగడి వానాకాలం ముద్దలా ఉంటుంది, ఎండాకాలం చెయ్యి దూరేంత పగుళ్లిస్తుంది. ఎర్త్ రాడ్డు చుట్టూ మట్టి విడిపోతుంది. ఫేజు వైరు స్టార్టర్ డబ్బాకు తగిలిందనుకోండి. ఎర్త్ దారి మొత్తం 5 ఓములుంటే 46 ఆంపియర్లు పారి ఫీజు టప్పున పోతుంది, మనిషి బతుకుతాడు. అదే 50 ఓములైతే పారేది నాలుగున్నర. ఫీజు పోదు, డబ్బా కరెంటుతో అలాగే నిలబడి ఉంటుంది. తడికాళ్లతో వచ్చి చెయ్యి వేసిన రైతు ఒళ్లు వెయ్యి ఓములనుకున్నా గుండె మీదుగా పారేది 230 మిల్లీ ఆంపియర్లు. ఇళ్లలో లీకేజీ బ్రేకర్లు 30 మిల్లీ ఆంపియర్లకే తెగేలా పెడతారు, అక్కడినుంచే ప్రాణాపాయం కాబట్టి. పైగా ఫీజు మాటిమాటికీ పోతోందని లావు తీగ చుట్టేవాళ్లున్నారు. మా మేస్త్రీ చూసుంటే చెంప పగలగొట్టేవాడు.

అయ్యా, చేలో మోటారున్న రైతులారా! టాంగ్ టెస్టర్ ఉన్న మనిషిని పిలిచి మూడు ఫేజుల ఆంపియర్లు కొలిపించి, ఆ అంకెలు, ఆనాటి వోల్టేజీ, తేదీ స్టార్టర్ తలుపు మీద పెయింటుతో రాయించండి. ఎర్త్ గుంటలో బొగ్గు, ఉప్పు వేసి, వేసవిలో వారానికోసారి బిందెడు నీళ్లు పోయండి. ఫీజులో సరైన తీగే వేయండి.