జవాబు కాగితముల బీరువా

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో రేకు కత్తిరించి, వంచి, వెల్డింగు చేసి, బూడిదరంగు పూసెడు ఒక చిన్న షెడ్డులో నేను పుట్టితిని. నా తోడి బీరువాలు కొన్ని ఆఫీసులకు పోయినవి, కొన్ని పెండ్లికూతుళ్ళ సారెలో చేరినవి. నేను బడికి వచ్చితిని.

మొదట నన్నుంచిన బడి పేరు చెప్పను. పరీక్ష కాగితములు దిద్దుట, మార్కులు రిజిస్టరుకెక్కించుట, కట్టగట్టి నాలోనికి త్రోసి తాళము వేయుట అచటి ఆచారము. ఏ బిడ్డ ఏ లెక్క ఎందుకు తప్పెనో తెలుపు సాక్ష్యమంతయు నా అరలలో పడియుండగా, నా యెదుటనే నల్లబల్లమీద తరువాతి పాఠము సాగిపోవుచుండెను. రిజిస్టరు చూపుమని అడుగువారు పలువురు వచ్చిరి గాని, ఆ కట్టలు విప్పుమన్నవారు ఒక్కరును రాలేదు.

మెదక్ జిల్లానుండి 2016 అక్టోబరులో సంగారెడ్డి వేరుపడిన కొంతకాలమునకు నన్ను లక్డారము చేర్చిరి. రాతిక్వారీలు, కంకర క్రషర్లు గల ఊరు. టిప్పరు పోయినప్పుడెల్ల నామీద తెల్లని దుమ్ము పేరుకొనును. పనికై పరరాష్ట్రములనుండి తరలివచ్చినవారి పిల్లలును ఇచట చదువుకొందురు. ఇంటిలో వేరొక భాష, బడిలో తెలుగు. అంకెలలో చురుకైన బిడ్డయు లెక్కను మాటలలో అడిగినంతనే నిలిచిపోవును. ఆ సున్న మార్కు గణితమునకు చెందినది కాదు.

ఇచటి టీచరమ్మ దిద్దిన కాగితములను మార్కుల వరుసన గాక తప్పుల వరుసన పేర్చును. 304లోనుండి 178 తీసివేయుమనగా కొందరు 274 అని వ్రాసిరి. మరికొందరు 136 అని వ్రాసిరి. రిజిస్టరులో ఇరువురికిని సున్నయే. కాని మొదటివారు ప్రతి స్థానమునందును పెద్ద అంకెనుండి చిన్నదానిని తీసివేసిరి. పదుల కట్టను విప్పి ఒకట్లు చేయవచ్చునను ఊహయే వారికింకను కలుగలేదు. రెండవవారు వందనుండి అప్పు తెచ్చిరి గాని, అందులో ఒక పది ఒకట్లకు పోగా పదుల ఇంట తొమ్మిదియే మిగులునని మరచిరి. మొదటివారికి పుల్లల కట్టలు కావలెను. రెండవవారికి ఒక్క మాట చాలును. ఇరువురికిని ఎక్కములు మరల వల్లించుమని చెప్పినచో ఇరువురి ప్రొద్దును వృథాయే.

పరీక్ష పెట్టినంతనే బోధన బాగుపడునని నమ్మరాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005–06లో నూరు గ్రామీణ ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు, ఏ విద్యార్థి ఎచట తడబడెనో తెలుపు నివేదికలిచ్చి, పరిశీలకులను పంపి తరగతులు చూపించిరి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2010లో ప్రకటించిన ఫలితము ఇది: పరిశీలకుల యెదుట బోధన మెరుగుగా కనబడినను, సంవత్సరాంతమున ఆ పిల్లల మార్కులు నివేదికలందని బడుల పిల్లలకంటె హెచ్చలేదు. ఈ సంగతి వచ్చినప్పుడు టీచరమ్మ తోటి ఉపాధ్యాయునితో, “సార్, రిపోర్టు చేతికిస్తే ఏమైతది? పిల్లను పక్కన కూసోబెట్టుకొని, ఎట్ల చేసినవమ్మా అని అడగాలె. అడగనీకి టైము కూడ ఉండాలె” అనెను. కాగితము దారి చూపును; నడచుటకు తీరికయు, తోడును కావలెనని నేనును నమ్ముదును.

2021 నవంబరు 12న దేశమంతట జరిగిన జాతీయ సాధన సర్వే 3, 5, 8, 10 తరగతులను నమూనాగా పరీక్షించి జిల్లాల స్థితి తెలిపెను. ప్రభుత్వమునకు అది అవసరమే. కాని 274 వ్రాసిన బిడ్డ ఆ పట్టికలలో కానరాదు. 2022లో తెలంగాణ రాష్ట్రమున ప్రాథమిక తరగతులకు మొదలైన ‘తొలిమెట్టు’ కార్యక్రమము మాత్రము చదువుట, వ్రాయుట, కూడిక తీసివేతలు ఎంతవరకు వచ్చెనో ముందుగా చూచి, ఆ మట్టమునుండియే బోధింపుమనెను. ఆ మాట నా కట్టలను విప్పించినది.

పుల్లలతో పాఠము ముగిసిన పిమ్మట టీచరమ్మ 403లోనుండి 158 తీసివేయుమని ఇచ్చెను. పలువురు 245 వ్రాసిరి. 255 వ్రాసినవారి కాగితములను వేరుచేసి పై అరలో ఉంచి, మరునాటి మొదటి పీరియడు వారికని ఆమె తన డైరీలో వ్రాసికొనెను.