మిద్దె మీద పచ్చిక: సీమవాసులకు కొన్ని సూచనలు

కర్నూలు, కడప జిల్లాల్లో ఇంటి మీద మట్టి పోయడం కొత్తేమీ కాదు. మీరు చేయాల్సిందల్లా పెద్దల తప్పు దిద్దడమే. పాత మట్టిమిద్దె చూడండి: రాతిగోడలు, దూలాలు, దంతెలు, వాటిమీద కంప, ఆపైన చౌడు. గరిక కూడా మొలవని ఆ ఉప్పుమట్టినే ఏరికోరి బండ్లకెత్తి తెచ్చేవాళ్లు. ఎందుకయ్యా అంటే, చౌడు తడిస్తే మెత్తబడి తన సందులు తానే పూడ్చుకుంటుందట, గడ్డి మొలవదు కాబట్టి వేళ్లు చేసిన దారిన నీళ్లు దిగవట! నమ్మకండి. చౌడంతా దించేసి ఎర్రమట్టి, పశువుల ఎరువు పోయండి. తొలకరికే మిద్దె పచ్చబడుతుంది. దాన్ని చెక్కేయడానికి మీ జేజి పార పట్టుకుని బయల్దేరక ముందే నిచ్చెన దాచేయండి. గవాక్షి మీదికి సొరతీగ పాకించండి. పొయ్యిపొగ బయటికి పోదు గనుక దోమల బెడదా తీరుతుంది.

స్లాబు ఇల్లయితే ఇంజనీరును పిలవకండి. మనుషులు తిరిగే మిద్దెకు చదరపు మీటరుకు 150 కిలోల భారమే లెక్క అంటాడు. అడుగు మందాన పోసిన మట్టి తడిస్తే 500 కిలోలు దాటుతుంది, నిజమే. కానీ మీ స్లాబుకు చదువు రాదు కదా.

మొక్కల విషయంలో జర్మనీయే ఆదర్శం. స్టుట్‌గార్ట్‌లో ఏడాది వాన 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, కడపలోనూ అంతే. అక్కడ పన్నెండు నెలలూ కొద్దికొద్దిగా పడుతుందనీ, మనకు నాలుగు కుండపోతల్లో కురిసి ఆనక మొహం చాటేస్తుందనీ కొందరు సన్నాయి నొక్కులు నొక్కుతారు. సగటు సగటే. అక్కడి మిద్దెల మీద పెరిగే సీడమ్ మొక్కలే తెప్పించండి. మే నెల ఎండకు అవి పడుకుంటే లేపకండి. చేనుగట్టున అడగకుండా పెరిగే కలబంద మాత్రం వద్దు, చూసేవాళ్లకు ఖర్చు పెట్టినట్టు కనపడదు.

కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాదులో మిద్దెతోట పెంచి, దానిమీద పుస్తకమే రాశారు. కొని అలమరలో పెట్టుకోండి. చదివితే పని పెరుగుతుంది.

నీళ్లు మిట్టమధ్యాహ్నమే పోయండి. కేసీ కాలువ ఎండి, వీధిలో ట్యాంకరు కోసం బిందెలు బారులు తీరినప్పుడు మరీ ధారాళంగా పోయాలి. ఎవరైనా నిలదీస్తే పర్యావరణం కోసమనండి. పిట్టగోడ పగుల్లో రావిమొక్క మొలిస్తే పీకకండి, పాపం. అది గోడను చీల్చుకుని దిగితే మిద్దెకు ఇంకో తూము ఉచితంగా వచ్చినట్టే.

అక్టోబరు ముసురుకు నట్టింట చుక్కలు పడటం మొదలైతే కింద బకెట్టు పెట్టండి. నిండగానే మిద్దెకు మోసి మొక్కలకే పోయండి. అవే నీళ్లు మళ్లీ బకెట్టులోకి వస్తాయి. ట్యాంకరు ఖర్చు మిగిలిపోతుంది.