లక్ష డాలర్ల ముప్పు

మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు బాబాయిగారు పొద్దున పార్కులో నాలుగు రౌండ్లు తిరిగేలోపు మూడు దేశాల సరిహద్దులు కాపాడేస్తారు.

2025 జనవరి 20న, గద్దెనెక్కిన రోజే, ట్రంప్ తమ దక్షిణ సరిహద్దు మీద ‘దండయాత్ర’ జరుగుతోందని ప్రకటిస్తే ‘మగాడంటే వాడూ’ అన్నారు. ఫిబ్రవరి 5న 104 మంది భారతీయుల్ని సైనిక విమానంలో, చాలామందిని సంకెళ్లతోనే, అమృత్‌సర్‌లో దింపితే ‘దొడ్డిదారిన వెళితే అంతేనోయ్. మావాడు దర్జాగా వీసాతో వెళ్లాడు. చిలుకూరులో నూటెనిమిది ప్రదక్షిణలూ చెల్లించాం’ అన్నారు.

సెప్టెంబర్ 19న ట్రంప్ హెచ్-1బీ మీద పడ్డారు. కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్లట. చూపిన కారణాల్లో ఒకటి, ఈ వీసా దుర్వినియోగం జాతీయ భద్రతకు ముప్పని. అమలు 21 నుంచే. ఎంగిలిపూల బతుకమ్మ ఆ రోజే. పండక్కని వచ్చిన బాబాయిగారబ్బాయి ముందురోజే, దొరికిన టికెట్‌తో దొరికినట్టు శంషాబాద్ పరుగెత్తాడు. వాడి విమానం సముద్రం మీదుండగా శ్వేతసౌధం తీరిగ్గా సెలవిచ్చింది: ఇది కొత్తవాళ్లకేనని.

దండెత్తి వచ్చేవాడెవడైనా ముందు కాన్సులేట్‌లో స్లాట్ బుక్ చేసుకుని, వేలిముద్రలిచ్చి, పెట్టె 23 కేజీలు దాటిందని కౌంటర్ ముందు గొంతుక్కూర్చుని సున్నుండలు తీసి నాన్న చేతిలో పెడతాడా? ఏటా 85 వేల మంది శత్రువుల్ని లాటరీ తీసి పిలుచుకునే రాజ్యం ఎక్కడైనా ఉందా? పోనీ ముప్పే అనుకుందాం. లక్ష కడితే తీరిపోవడమేమిటి? అదే రోజు గోల్డ్ కార్డూ ప్రకటించారు. పది లక్షల డాలర్లు ‘కానుక’గా సమర్పించుకుంటే రాచమార్గమే. శనిదోషం కనిపెట్టి, ఆ నోటితోనే శాంతికి రేటు చెప్పే మా ఊరి సిద్ధాంతిగారు నయం. ఆయన దగ్గర బేరమైనా కుదిరేది.

‘మావాడు ముప్పా? ఠంచనుగా పన్ను కడతాడు! ఓట్ల కోసం బూచిని చూపిస్తున్నారయ్యా’ అని బాబాయిగారు బెంచీ మీద కూలబడ్డారు. ఎనిమిది నెలల్లో ఆయన నోట నేను విన్న మొదటి సరైన మాట.

ఊరుకుంటే పోయేది. నోరు జారాను. 2020 అక్టోబర్ వరదకి మా సెల్లార్‌లో కార్లు తేలాయి. డిసెంబర్ 1న జీహెచ్‌ఎంసీ ఓటు. కార్పొరేటర్‌ని నాలా గురించి నిలదీయాల్సిన ఎన్నిక. అప్పుడు బీజేపీ నేత బండి సంజయ్, తమను గెలిపిస్తే రోహింగ్యాల్ని, పాకిస్తానీల్ని తరిమేయడానికి పాతబస్తీలో సర్జికల్ స్ట్రైక్ చేస్తామన్నారు. ఆ వీడియో మా గ్రూపులో పదకొండుసార్లు ఫార్వర్డ్ చేసింది బాబాయిగారే. నాలా ఊసు ఒక్కరూ ఎత్తలేదు, నాతో సహా.

‘అది వేరోయ్’ అన్నారాయన.

‘ఎలా వేరు బాబాయ్?’

ఆయన జవాబు వెతుక్కుంటుండగా వాన మొదలైంది. ఇద్దరం సెల్లార్‌లోంచి కార్లు తీయడానికి పరుగెత్తాం.