మధ్యతరగతి వంకర

నా వెన్నులో వంకర ఉందని మొట్టమొదట కనిపెట్టింది డాక్టరు కాదు, మా టైలరు మాస్టారు. పెళ్లి జాకెట్లకి కొలతలు తీస్తూ టేపు కుడి భుజం మీద పెట్టారు, ఎడమ భుజం మీద పెట్టారు, మళ్లీ కుడికి వచ్చారు. చెవి మీది పెన్సిలు తీసి పుస్తకంలో ఏదో రాసి, కొట్టేసి, "అమ్మా, కాస్త సరిగ్గా నిలబడండి" అన్నారు. నేను సరిగ్గానే నిలబడి ఉన్నాను. ఆయన ఇంకేం అడగలేదు. ఎడమ భుజం లోపల చిన్న ప్యాడ్ పెట్టి కుట్టేశారు. ఇప్పటిదాకా నన్ను నిటారుగా నిలబెట్టిన వైద్యుడు ఎవరైనా ఉంటే ఆయనే. పైగా కుట్టుకూలి తప్ప ఫీజు పుచ్చుకోలేదు.

అసలు డాక్టరు దగ్గరికి వెళ్లింది నొప్పి మొదలయ్యాక. ఆయన ఎక్స్‌రే మీద పైన ఓ గీత, కింద ఓ గీత గీసి మధ్యలో కోణం కొలిచారు. జాన్ కాబ్ అనే అమెరికా డాక్టరు 1948లో చెప్పిన పద్ధతి అది. 10 డిగ్రీలు వచ్చిందంటే స్కోలియోసిస్ అని పేరు పెడతారు. 45, 50 దాటితే ఆపరేషన్ మాట ఎత్తుతారు. నాది 34. బ్రేస్ వేసుకుందామంటే, అది ఎముకలు ఎదిగే వయసులో వెయ్యాలట. అంటే నాది శుద్ధ మధ్యతరగతి వంకర. తెల్లకార్డు ఇవ్వడానికి ఎక్కువ, బ్యాంకువాడు లేచి కుర్చీ వెయ్యడానికి తక్కువ.

"ఎందుకొచ్చిందండీ?" అని అడిగాను. నూటికి ఎనభై మందిలో కారణం తెలియదమ్మా అన్నారు. వైద్యశాస్త్రానికి తెలియకపోతే పోయింది, మా చుట్టాలందరికీ తెలుసు. స్కూలు సంచి ఒకే భుజానికి తగిలించుకుని తిరిగిందని మేనత్త. బోర్లా పడుకుని సీరియళ్లు చదివిందని మామయ్య. చెప్పిన మాట వినదు కనక అలా అయిందని అమ్మ. మొక్కై వంగనిది మానై వంగునా అని చిన్నప్పుడు నాకు రోజూ పాఠం చెప్పింది ఆవిడే! ఈ జబ్బు ఎక్కువగా బయటపడేది పదేళ్లు దాటి పిల్లలు గబగబా పొడుగయ్యే రోజుల్లో. మొక్కగా ఉన్నప్పుడే వంగాను. ఇంతకన్నా విధేయత ఏం కావాలి?

భాగవతంలో కుబ్జ ఉందే, ఆవిడంటే నాకు అసూయ. మూడు వంకరలున్న మనిషి. మథుర వీధిలో కృష్ణుడికి గంధం ఇచ్చింది. ఆయన పాదాలు తొక్కిపట్టి, గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి పైకెత్తేసరికి చక్కనైపోయింది. ఎక్స్‌రే లేదు, టోకెన్ నంబరు లేదు, ఆరు వారాల తర్వాత మళ్లీ రమ్మనడం లేదు.

నాకేమో ఫిజియోథెరపీ రాసిచ్చారు. కతరీనా ష్రాత్ అనే జర్మన్ ఆవిడ, తనకీ ఇదే వంకర ఉండి, 1921లో మొదలుపెట్టిన వ్యాయామాలు. అద్దం ముందు నిలబడి, ఎడమవైపు లోపలికి నొక్కుకుపోయిన పక్కటెముకల మీద చెయ్యి ఆనించి, పీల్చిన గాలిని అటే పంపాలి. గాలికి దారి చూపించడం మాటలు కాదు. కళ్లు పెద్దవవుతాయి, ముక్కుపుటాలు అదురుతాయి, ఒకవైపు డొక్క మాత్రం ఉబ్బుతుంది. మా పనమ్మాయి చీపురు పట్టుకుని కాసేపు చూసి, "అయ్యగారు మళ్లీ ఏమన్నా అన్నారామ్మా?" అంది.

దీనివల్ల వంకర పోదు. నొప్పి కాస్త మాట వింటుంది, అంతే. ఒకవైపు కండరాలు సాగిపోయి, ఇంకోవైపువి కురచబడి, రెండూ సాయంత్రానికి అలసిపోతాయి. ఎక్కువ సేపు నిలబడితే నొప్పి, కూర్చుంటే నొప్పి, పడుకుని లేస్తే వేరే రకం నొప్పి. అందుకని ఏ పనీ అరగంట మించి ఒకే భంగిమలో చెయ్యను. పప్పులోకి తాలింపు నిలబడి, కూరలు తరగడం కూర్చుని, ఫోను తిరుగుతూ. రాత్రి వేడినీళ్ల సంచి. మా ఆయన దానికి నాకంటే ముందు మంచంలో చోటు వదులుతారు. బస్సు తప్పిపోయిన రోజు మాత్రం, "ఉసేన్ బోల్ట్‌కీ ఇదే ఉందటగా" అంటారు. నిజమే, ఉంది. 2009లో బెర్లిన్‌లో వంద మీటర్లు 9.58 సెకన్లలో పరిగెత్తాడు. ఆయన చేతిలో కూరగాయల సంచి లేదు.

ఇన్నిటిలోకీ కష్టం పెళ్లిళ్లు. ఫంక్షన్ హాలు ప్లాస్టిక్ కుర్చీ వెన్ను ఉన్నవాళ్ల కోసం చేసింది కాదు. అందుకే హ్యాండ్‌బ్యాగులో ఓ తువ్వాలు పెట్టుకెళతాను. చుట్టచుట్టి నడుం వెనక పెట్టుకుంటే తలంబ్రాల దాకా లాగొచ్చు. మొన్న మా పిన్ని పక్కన కూర్చుంది.

"ఏమిటే ఆ మూటా, నువ్వూనూ? వయసులో ఉన్న పిల్లవి, నిటారుగా కూర్చో. మా రోజుల్లో నూతిలో నీళ్లు తోడాం, రోట్లో పిండి రుబ్బాం, ఏ నొప్పీ ఎరగం."

"అలాగే పిన్నీ" అన్నాను. పంతులుగారు తీరుబడి మనిషి. ముహూర్తానికి ఇంకా గంటుంది. పిన్ని ముందు కాళ్లు మార్చుకుంది, తర్వాత పక్కకి ఒరిగింది, తర్వాత కొంగు సర్దుకునే వంకతో నడుం నొక్కుకుంది. చివరికి నా చెవి దగ్గరకొచ్చి, "ఆ తువ్వాలు ఓసారి ఇలా ఇయ్యవే, ఎలా ఉంటుందో చూస్తాను" అంది.

ఇచ్చాను. భోజనాలకి లేచేటప్పుడు అడిగితే, "ఉండనీవే, బస్సులో పనికొస్తుంది" అని తన సంచిలో పెట్టేసుకుంది.